చదును తీగల చప్పుడు

తీగ చచ్చిపోయింది అనే మాట నేను మొదటిసారి విన్నది మా ఆదివారం కూడికలో. అన్నవాడికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నాకు ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ మండుతూనే ఉంది. వాణ్ణి కడిగేద్దామనే ఇది రాయడానికి కూర్చున్నాను గానీ, రాస్తూ పోతే విషయం వాడి దగ్గర ఆగేలా లేదు. మా కింది వాటాలో ఉండే డాక్టరమ్మ దగ్గరికి, ఆవిడ గది నేల దగ్గరికి పోయేలా ఉంది. పోనీ. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ముందు తీగ సంగతి. బేస్ గిటారుకి నాలుగు లావు తీగలు ఉంటాయి. ఒక్కోదానికి లోపల ఉక్కు నరం, దాని చుట్టూ దగ్గర దగ్గరగా మరో సన్నని తీగ చుట్టి ఉంటుంది. ఆ చుట్టినది గుండ్రటి తీగ అయితే పైన గరుకుగా, మర మేకు పట్టుకున్నట్టు తగులుతుంది. వేలు జరిపితే కీచుమంటుంది. మోత కూడా స్టీలు పళ్లెం మీద చెంచా పడ్డట్టు గణగణలాడుతుంది. ఇప్పటి పిల్లలందరికీ అదే కావాలి. అలా కాకుండా సన్నని రేకు పట్టీ చుట్టారనుకోండి, తీగ పైభాగం నున్నగా, సానబట్టిన కడ్డీలా ఉంటుంది. వీటిని ఫ్లాట్‌వౌండ్ అంటారు. నేను చదును తీగలంటాను. వేలు ఈ చివరి నుంచి ఆ చివరికి జారినా రాపిడి వినపడదు. మోత మృదంగం ఎడమ వైపు అరచెయ్యి పడ్డట్టు గుండ్రంగా లేచి, పొడుగ్గా సాగకుండా ఆగిపోతుంది. కొత్తలో వీటికీ కాస్త మెరుపు ఉంటుంది. వాయించే కొద్దీ, వేళ్ల చెమటా జిడ్డూ ఆ పట్టీ సందుల్లోకి దిగే కొద్దీ, మెరుపు పోయి లోపలి గొంతు బయటికొస్తుంది. లోకం దాన్ని చావంటుంది. నేను ఊరడం అంటాను. కలిపిన నాడే ఆవకాయ నోట్లో పెట్టుకుని ఇదే రుచి అనేవాడికి ఏం చెప్తాం?

ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు. తెనాలి పక్క పల్లెలో ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. లేతు పని నేర్చుకుని, ఈ దేశం వచ్చి, మ్యూనిక్‌లో కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో రిటైరయ్యేదాకా పనిచేశాను. జర్మన్ భాష పేపర్లు చదివి నేర్చుకున్నాను, సంగీతం రేడియోకి చెవి ఆనించి నేర్చుకున్నాను. లోహం సంగతి మాత్రం నా చేతులకే తెలుసు.

గిటారు కొన్నది ఒక జర్మన్ ముసలాయన దగ్గర. పేపర్లో ప్రకటన చూసి వెళ్లాను. వయసులో ఉండగా డాన్సు హాళ్లలో బ్యాండుతో వాయించేవాడట. నన్ను కిందా మీదా చూసి, "నీకు వాల్ట్జ్ వచ్చా?" అని అడిగాడు. జంటలు గుండ్రంగా తిరుగుతూ ఆడే డాన్సు పాట అది. రాదన్నాను. "పర్వాలేదు, దానికి వచ్చు" అని గిటారు వైపు గడ్డం ఎత్తాడు. జోకనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. "తీగలు మాత్రం మార్చకు" అన్నాడు. అప్పటికే అవి పాతవి. తరవాత కొన్నాళ్లకి ఆయన పోయాడని ఎవరో చెప్పారు. నేను తీగలు మార్చలేదు. ఆయన చెప్పాడని కాదు, చదును తీగలు తెగితే తప్ప మార్చే అలవాటు మా కాలంలో ఎవరికీ లేదు.

ఇక ఆ కుర్రాడి సంగతి. ఆదివారాలు మధ్యాహ్నం ఒక జర్మన్ చర్చి వాళ్లు మాకు హాలు ఇస్తారు. తెలుగులో పాటలు, బైబిలు వాక్యం, ఆ తరవాత బిర్యానీ. మొదట్లో అంతా గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్లమే. ఇప్పుడు వరంగల్, ఖమ్మం నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలు ఎక్కువ. కీబోర్డు వాయించేవాడు వరంగల్ వాడు. పోయిన శరదృతువులో ఒక ఆదివారం పాటలయ్యాక నా దగ్గరికొచ్చాడు.

"అంకుల్, ఏమనుకోకుండ్రి గానీ, మీ బేస్ సౌండు సచ్చిపోయింది."

"ఏం చచ్చింది?"

"తీగలు అంకుల్. ఎప్పుడు మార్చిన్రు?"

"మార్చలేదు."

"అసలుకే మార్చలేదా! గయి నేను పుట్టకముందువి గావచ్చు."

"మీ నాన్న పుట్టకముందువి. వాటితో మర్యాదగా మాట్లాడు."

బిర్యానీ ప్లేట్లు పట్టుకున్నవాళ్లంతా నవ్వారు. వాడు వదల్లేదు. "బుయ్యి బుయ్యి అంటున్నయ్ గంతే అంకుల్, జర సుర్రుమంటలేవు."

"సుర్రుమనడానికి ఇదేమన్నా దోసె పెనమా?" అన్నాను. మళ్లీ నవ్వులు. ఈసారి నవ్వింది ఎవర్ని చూసో నాకు అర్థం కాలేదు.

ఇంటికొచ్చాక పంతం పుట్టింది. సరే, చదును తీగలు కొత్తవే వేసి చూపిస్తాను, అప్పుడేమంటాడో చూద్దాం అనుకుని మూడు రకాలు తెప్పించాను. పాతవాటి బిగువు సడలించి ఒక్కోటి విప్పాను. ఆఖరి తీగ వదులైనప్పుడు గిటారు మెడలోంచి చిన్న మూలుగు వచ్చింది. ఏళ్ల తరబడి లాగి పట్టుకున్న చెక్క కదా, అలాగే అంటుంది. తీగల్ని స్పిరిట్ అద్దిన గుడ్డతో, జిడ్డన్నది లేకుండా తుడిచి, చుట్టలు చుట్టి, బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి కెల్లర్‌లో పడేశాను. కెల్లర్ అంటే మా బిల్డింగు నేలమాళిగ. అక్కడ ఒక్కో వాటాకి చెక్క పట్టీల జాలీ కొట్టిన చిన్న గది ఉంటుంది. సైకిళ్లు, సూట్‌కేసులు, పారేయడానికి మనసొప్పనివి అక్కడుంటాయి. నా గది సరిగ్గా డాక్టరమ్మ హాలు కింద ఉంటుంది.

డాక్టరమ్మది గుంటూరు. నాకంటే ముందే ఈ దేశం వచ్చింది. గుండె జబ్బుల ఆస్పత్రిలో చాలాకాలం పనిచేసింది. భర్త పోయాక నేల మీది వాటాలో ఒక్కతే ఉంటోంది. ఆవిడ పై వాటా ఖాళీ అవుతోందని నాకు చెప్పింది కూడా ఆవిడే. నాకంటే పెద్దదని నా అనుమానం, అయినా అన్నయ్య గారూ అంటుంది. ఈ మధ్య కొంచెం మరుపు వచ్చింది. స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోవడం, తాళాలు ఫ్రిజ్‌లో పెట్టడం. ఊరి చివర ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఒక టీవీ కంపెనీలో పనిచేసే కూతురు శనివారం శనివారం వచ్చి చూసి పోతుంది.

మొదట ఎక్కించినవి స్టెయిన్‌లెస్ స్టీలు చదును తీగలు. బిగువు ఎక్కువ. వేలి కింద ఇనప స్కేలు నిలబెట్టినట్టుంది, ఎంత నొక్కినా నీ మాట వినను పో అంటుంది. మోత టక్కుమని మొదలై వెనక ఒక తోకని ఈడ్చుకుంటూ పోతుంది. నా మణికట్టు రెండు పాటలకే నొప్పెట్టింది. అసలే ఆ మణికట్టుకి ప్రతి మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఫిజియోథెరపీ. ఆ మంగళవారం కూడా వెళ్లాను. వచ్చేసరికి, నవంబరు కదా, చీకటి పడిపోయింది.

మర్నాడు పొద్దున మెయిల్ పెట్టెల దగ్గర డాక్టరమ్మ కనిపించింది.

"నిన్న భలే వాయించారండీ. కాఫీ చల్లారబెట్టుకుని మరీ విన్నాను."

"నిన్న నేను ఇంట్లో లేను కదండీ. ఫిజియోకి వెళ్లాను."

"లేకపోవడమేంటి! మూడున్నర, నాలుగు దాకా వాయిస్తేను."

"టెర్మిన్ మూడింటికండీ. ఇదుగో కార్డు."

అపాయింట్‌మెంట్లు రాసిన ఆ కార్డు వైపు చూడనే లేదు. "అయితే తాళం ఎవరికన్నా ఇచ్చారా?"

"నా గిటారు ఇంకొకర్ని ముట్టుకోనిస్తానా?"

"అదీ నిజమే. మీరసలే పిసినారి" అని నవ్వుతూ లోపలికి వెళ్లిపోయింది.

మరుపు అనుకున్నాను. పాపం అనుకున్నాను. కానీ తరవాతి మంగళవారం గడిచాక మళ్లీ అదే మాట. ఈసారి నేను ఊరుకోలేదు. నా మాట నమ్మకపోతే నేను తట్టుకోలేను, చిన్నప్పటి నుంచీ అంతే. చదువుకున్నవాళ్లు నమ్మకపోతే మరీను.

"ఏం వాయించానండీ? చెప్పండి చూద్దాం" అన్నాను.

"పాటేం కాదండీ." ఆవిడ మెయిల్ పెట్టె రేకు మీద వేలితో కొట్టి చూపించింది. ఒకటి బరువుగా, తరవాత రెండు ఖాళీలు. ఒకటి బరువుగా, మళ్లీ రెండు ఖాళీలు. "ఇలా పోతూనే ఉంటుంది. మధ్యలో వేళ్లు జరిగిన చప్పుడు కూడా రాదు. అసలు వేళ్లే లేనట్టు."

నేను ఆ నడక ఎప్పుడూ వాయించలేదు. మా కూడికలో ఆ తీరు పాటలు ఉన్నా నా పద్ధతి వేరు, ఖాళీలు ఉంచను. అది గిటారు అమ్మిన ముసలాయన అడిగిన డాన్సు హాలు వాల్ట్జ్, మూడు దెబ్బల నడక. రేడియోలో విన్నదే తప్ప నా చేతికి ఎప్పుడూ రాలేదు.

"మీ కొత్త తీగలేనా అవి?" అంది ఆవిడ.

"అదే తేలుద్దాం. నేను పైన వాయిస్తాను, మీరు మీ కుర్చీలో కూర్చుని వినండి. ఏది దగ్గరగా ఉందో చెప్పండి."

ఇది ఆవిడకి భలే నచ్చింది. జీవితమంతా స్టెతస్కోపు పెట్టి గుండెలు విన్న మనిషి. వినమంటే చాలు, తల ఒక పక్కకి వాలుతుంది, కళ్లు మూతపడతాయి. నేను రోజుకో సెట్టు మార్చి, ఆంప్లిఫయర్ నేల మీద పెట్టి వాయించి, కిందికి దిగి వెళ్లేవాణ్ణి. ఆవిడ టీ పోసి, తీర్పు చెప్పేది.

స్టీలు తీగలకి, "ఇది మెట్లు ఎక్కి వచ్చిన కుర్రాడి గుండె. గట్టిది. నేను విన్నది ఇది కాదు" అంది.

రెండో రోజు నికెల్ చదును తీగలు. అవి నాకూ నచ్చాయి. వేలికి దయగా ఉన్నాయి, సబ్బు రాసినట్టు జారాయి, మోతలో వెచ్చదనం ఉంది, కాకపోతే నడుమ స్థాయిలో కొంచెం ముక్కుతో మాట్లాడినట్టు. ఆవిడ చాలాసేపు ఆలోచించింది. "దగ్గరకొచ్చారు. కానీ దీనికి మొదలు తెలుస్తోంది. ఎవరో తట్టారు, మోగింది అని తెలుస్తోంది. దానికి మొదలు ఉండదండీ. అప్పటికే లోపల ఉన్నది పైకొచ్చినట్టుంటుంది."

మూడోవి నల్లటి నైలాన్ పట్టీ చుట్టినవి. చూడ్డానికి నీటిపాముల్లా ఉంటాయి. వేలికి లోహం చల్లదనమే తగలదు. మోత గదంతా నిండుతుంది గానీ దానికి అంచంటూ ఉండదు. "కోటు విప్పకుండా పేషెంటుని చూసినట్టుంది" అని కొట్టిపారేసింది.

నేను నవ్వుతూ లేచాను గానీ ముందురోజు ఆవిడన్న మాట నన్ను వదల్లేదు. మొదలు లేకుండా పైకి రావడం. ఊరిన తీగకి నేను నా మనసులో ఇచ్చుకున్న వర్ణన అదే. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు?

కెల్లర్‌కి వెళ్లాను. పగలే, కానీ అక్కడ పగలూ రాత్రీ లేదు. మెట్ల పక్కన బటన్ నొక్కితే దీపం కాసేపు వెలిగి దానంతటదే ఆరిపోతుంది. నా జాలీ తాళం వేసినట్టే ఉంది. డబ్బా పెట్టిన చోటే ఉంది, మూత మీద పల్చటి దుమ్ము. తెరిచాను. చుట్టలు చుట్టినట్టే ఉన్నాయి. లావు తీగ తీసి వేళ్ల మధ్య లాగాను.

జిడ్డుగా ఉంది.

పొద్దున్నుంచి వాయించి అప్పుడే కింద పెట్టిన తీగ ఎలా ఉంటుందో అలా. చదును తీగ శుభ్రంగా ఉంటే వేలు జర్రున పోతుంది, వాయించిన తరవాత కొంచెం పట్టుకుని వదులుతుంది. ఆ తేడా చీకట్లో కూడా చెప్పగలను. చెప్పవలసి కూడా వచ్చింది, ఎందుకంటే అప్పుడే టక్కుమని దీపం ఆరింది. నేను అక్కడే నిలబడ్డాను. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చెమట పట్టిన ఇనుము వాసన. తీగ పొడుగునా కాదు, ఎడమ చెయ్యి నొక్కే చోట్లా కుడి చెయ్యి లాగే చోటా. నేను సాధారణంగా మెడ పైభాగంలోనే తిరుగుతాను. జిడ్డు ఉన్నది అక్కడ కాదు, ఇంకా కిందికి, నేను పోని చోట.

కెల్లర్‌లో తేమ ఎక్కువ, అదే అయ్యుంటుంది అని పైకి అనుకున్నాను. తేమకి జిడ్డు ఉండదని నాకు తెలుసు.

పైకొచ్చి ఆ తీగలే మళ్లీ గిటారుకి ఎక్కించాను. ఒకసారి విప్పిన పాత తీగ మళ్లీ బిగిస్తే తెగే ప్రమాదం ఉంది. తెగలేదు, మెలి తిరిగిన చోట కూడా మొరాయించకుండా ఎక్కి కూర్చున్నాయి. మా కూడిక పాటే ఒకటి, నా పద్ధతిలోనే, ఖాళీలు లేకుండా వాయించి కిందికి దిగాను. డాక్టరమ్మ తలుపు తెరుచుకునే నిలబడి ఉంది.

"ఇదేనండీ. ఇదే గుండె."

"నిజంగానా?"

"నేను గుండె పోల్చుకోలేకపోవడమా! కాకపోతే..." ఆవిడ తన కుర్చీ వైపు చూసింది. "చోటు ఇది కాదు. మీరు ఇప్పుడు వాయించింది తల మీదికి వచ్చింది. అది కుర్చీ కాళ్లలోంచి వస్తుంది. అరికాళ్లకి తెలుస్తుంది ముందు."

నేను ఆ నేల వైపు చూడకుండా టీ తాగాను. కెల్లర్ సంగతి చెప్పలేదు. ఆవిడకి భయమేమీ లేదు, అది చూసే నాకు భయం వేసింది. మంగళవారం కోసం ఎదురుచూస్తున్నట్టే మాట్లాడింది.

ఆ శనివారం కూతురు వచ్చింది. నాకు ఫోన్ చేసి కిందికి రమ్మంది. వెళ్లేసరికి తల్లి తన కుర్చీలో, కూతురు ఎదుట సోఫా అంచున. కోటు కూడా విప్పలేదు. ఈ దేశంలోనే పుట్టి పెరిగిన పిల్ల, యాభై దాటింది, జుట్టు నెరిసింది, నాకు మాత్రం పిల్లే.

"అంకుల్, అమ్మకి హైమ్‌లో ప్లాట్జ్ దొరికింది. నా ఆఫీసు పక్కనే. సోమవారం లోపల ఓకే చెప్పాలి, లేకపోతే వేరేవాళ్లకి వెళ్లిపోతుంది" అంది. వృద్ధులని చూసుకునే ఇంట్లో గది. ఆ గదుల కోసం జనం ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు.

"నన్ను ఎదురుగా పెట్టుకుని మాట్లాడుతోంది చూడండి అన్నయ్య గారూ, నేనేదో పాత బీరువా అయినట్టు."

"అమ్మా, బిట్టె, ప్లీజ్. అంకుల్‌తో మాట్లాడనీ." నా వైపు తిరిగింది. "పాలు పొంగడం, తాళాలు, అవన్నీ నేను మేనేజ్ చేస్తాను. రోజూ ఎవరో ఒకర్ని పంపిస్తాను. మెమరీ క్లినిక్‌లో డాక్టర్ ఒక్కటే అడిగింది, లేని చప్పుళ్లు వినిపిస్తున్నాయా అని. అది మొదలైతే ఒంటరిగా ఉంచకూడదంది. అమ్మేమో మంగళవారం మంగళవారం మీరు వాయిస్తున్నారని ఫోన్ చేస్తుంది. ఫోన్ నేలకి ఆనించి వినమంటుంది. నాకేమీ వినపడదు అంకుల్. మీకు మంగళవారాలు థెరపీ ఉంటుందని మీరే ఒకసారి అన్నట్టు గుర్తు. నిజం చెప్పండి. వాయిస్తున్నారా, లేదా?"

కార్డు నా చొక్కా జేబులోనే ఉంది. అన్ని మంగళవారాలూ, ఆస్పత్రి ముద్రలతో.

నేను చెయ్యని పని చేశానని జీవితంలో ఎన్నడూ ఒప్పుకున్నవాణ్ణి కాదు. ఫ్యాక్టరీలో ఒక ఫోర్‌మన్, పేరు గుర్తున్నా రాయను, తను పాడుచేసిన బుష్షులు నా మిషను మీదికి తోసినప్పుడు యూనియన్ దాకా వెళ్లి, కొలతలు తీయించి, అందరి ముందూ క్షమాపణ చెప్పించుకున్నాను. దానివల్ల నాకు ప్రమోషన్ పోయింది. పోతే పోయింది. నాకు నిజం ముఖ్యం. ఇక్కడ నిజం నా జేబులో ఉంది, తీసి బల్ల మీద పెడితే చాలు.

డాక్టరమ్మ నన్ను చూస్తోంది. బతిమాలడం లేదు. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో, దానికి ఏ జవాబు వస్తే కాగితం మీద ఏం రాస్తారో ఆవిడకి తెలియనిది కాదు. తన చేతులు ఒళ్లో పెట్టుకుని, ఇంకో డాక్టరు గది బయట ఫలితం కోసం కూర్చున్న మనిషిలా కూర్చుంది. ఈ ఇంట్లో ఆవిడ కాఫీ, ఆవిడ కిటికీ, మెయిల్ పెట్టెల దగ్గర ఆవిడ వెటకారం. ఆ హైమ్‌లో ఎవరితో తెలుగు మాట్లాడుతుంది?

"వాయిస్తున్నానమ్మా" అన్నాను.

"థెరపీ?"

"పొద్దుటికి మార్పించుకున్నాను. మూడింటికి కూర్చుంటాను. ఆ మోత గోడల్లోంచి కింది నేలకి దిగుతుంది. ఫోన్‌లో నీకు వినపడదు. ఫోన్ కింది స్వరాలని కోసేస్తుంది, పైవాటినే పంపుతుంది. చదును తీగలకి పైన ఏముంటుంది పంపడానికి?"

ఈ ఆఖరి మాట మాత్రం అక్షరాలా నిజం. అందుకేనేమో ఆ పిల్ల నమ్మింది. రెండు చేతుల్లో మొహం దాచుకుంది. తరవాత కోపం వచ్చింది. "మరి నాకు ఎందుకు చెప్పలేదు అంకుల్? మెల్లగా వాయించలేరా? ఇన్ని రోజులు నాకు నిద్ర లేదు తెలుసా? ఈ వయసులో మీకెందుకా గోల?"

చెయ్యని పనికి తిట్లు తింటూ నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదలు. చెవుల్లోంచి పొగలొచ్చాయి.

గుమ్మం దాకా డాక్టరమ్మ వచ్చింది. గొంతు తగ్గించి, "మీకు అబద్ధం చెప్పడం రాదండీ. చెవులు ఎర్రబడ్డాయి" అంది.

"అబద్ధమని ఎవరన్నారు? వాయించారు. మీరు విన్నారు. ఎవరన్నది అమ్మాయి అడగలేదు."

ఆవిడ నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలేసింది. ఆవిడ వేళ్లు మంచులా ఉన్నాయి.

సోమవారం ఆ పిల్ల హైమ్ వాళ్లకి వద్దని చెప్పేసింది. అదే రోజు నేను ఫిజియో వాళ్లకి ఫోన్ చేశాను. పొద్దుటి టెర్మిన్ దొరకలేదు. గురువారం ఇచ్చారు. మంగళవారం మూడింటికి గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అన్న మాట నిజం చెయ్యాలి కదా, ఒక్క వారం తేడాతోనైనా.

కిటికీ బయట మంచు పడబోయే రంగు ఆకాశం. ఎదురింట్లో అప్పుడే దీపాలు వేశారు. మాకు తెలిసిన పాటలే ఒకదాని వెంట ఒకటి వాయించాను. ఆ తీగలతో ఇన్నేళ్లు ఉన్నాను, ఆ రోజు అవి నా కింద వేరేలా ఉన్నాయి. తీగ గరుకుగా ఉంటే వేలు ఎంత జరిగిందో దానికదే చెప్తుంది. చదును తీగ ఏమీ చెప్పదు. అందుకే కాసేపటికి ఎడమ చెయ్యి వైపు చూసుకుంటే, నేను పెట్టాననుకున్న చోట లేదు. మెడ కింది భాగంలో ఉంది, నేనెప్పుడూ పోని చోట. పాట ఎక్కడ వదిలేశానో తెలియదు. ఒకటి బరువుగా, రెండు ఖాళీలు. ఆపాలనుకున్నాను. ఆపాను కూడా. ఆంప్లిఫయర్ స్విచ్ తీసేసి, తీగల మీద అరచెయ్యి ఆనించి పట్టుకున్నాను. అరచేతి కింద ఏ కదలికా లేదు. అది బాగా గుర్తుంది.

కిందికి దిగాను. డాక్టరమ్మ కుర్చీలోనే ఉంది. చెప్పులు విప్పి, అరికాళ్లు నేలకి ఆనించి కూర్చుంది. నేను తలుపు తట్టి లోపలికి వచ్చినా లేవలేదు. ఒక వేలు పెదాల మీద పెట్టుకుంది. అలాగే నిలబడ్డాను. నాకేమీ వినపడలేదు. ఆవిడ తల ఒక పక్కకి వాలి ఉంది. చాలాసేపటికి కళ్లు తెరిచింది.

"అయిపోయింది" అంది. "ఇవాళ ఇద్దరు వాయించారు కదండీ."

"నేనొక్కణ్ణే."

"మీది పైనుంచి. ఆయనది కిందనుంచి. తీగలు ఒకటే. ఒకే గుండె రెండు చోట్ల వినడం నా సర్వీసులో ఎప్పుడూ లేదు." ఆ గొంతులో ఆశ్చర్యమే ఉంది, ఇంకేమీ లేదు. "మీరు ముందే ఆపేశారేం?"

నేను కూర్చున్నాను. కూర్చున్నాక కాళ్లు నేల నుంచి కొంచెం పైకెత్తి పెట్టుకున్నానని తరవాత గమనించాను.

"మా అమ్మాయితో అనకండి" అంది.

"నేనెందుకంటానండీ."

"ఇకనుంచి కాస్త గట్టిగా వాయించండి అన్నయ్య గారూ. అది అడిగితే పైనుంచే వినపడిందని నేను చెప్పగలగాలి. నాకూ అబద్ధాలు చెప్పడం రాదు."

"మరి కింద?"

"కింద సంగతి నేను చూసుకుంటాను. మీరు మాత్రం తాళం జాగ్రత్తగా చూసుకోండి. ఇవాళ ఆయన కంటే వెనకబడ్డారు."

వెనకబడ్డానట! ఇన్నేళ్లలో నా లయకి ఆ మాట అన్నవాళ్లు లేరు. ఆవిడ టీ కోసం లేచింది, చెప్పులు లేకుండానే, కాలు మెల్లగా వేస్తూ, నిద్రపోతున్నవాళ్ల మీంచి నడిచినట్టు.

అప్పటి నుంచి ప్రతి మంగళవారం మూడింటికి వాయిస్తున్నాను. గట్టిగా వాయిస్తున్నాను. కూతురు ఒకసారి ఆ వేళకి వచ్చి, తల్లి పక్కన కూర్చుని, పైకప్పు వైపు చూస్తూ విని, తృప్తిగా వెళ్లింది. కింది నేల గురించి ఏమీ అనలేదట. మంగళవారాలు నేను ఊరు వదిలి పోవడం మానేశాను. జ్వరం వచ్చినా లేచి కూర్చుంటాను. ముందు ఎవరు మొదలుపెడుతున్నారో నాకు తెలియదు. ఎవరు ఆఖర్న ఆపుతున్నారో డాక్టరమ్మకి తెలుసు, నేను అడగను.